ఆఫీసు ఫోన్లకు అడ్డుకట్ట: ఎక్స్‌టెన్షన్‌కు తాళమా, మనిషికి పిన్నా?

ఈపీఏబీఎక్స్ (ఆఫీసు లోపలి ఫోన్ ఎక్స్ఛేంజ్) ఉన్న ప్రతి ఆఫీసులోనూ వచ్చే ప్రశ్నే ఇది: బయటికి ఎవరు ఎంత దూరం ఫోన్ చేయొచ్చు? దారులు రెండు: ఎక్స్‌టెన్షన్ (లోపలి ఫోన్) నుంచి కొన్ని రకాల నంబర్లకు కాల్ వెళ్లకుండా తాళం వేయడం, లేదా మనిషికో పిన్ ఇచ్చి, అది నొక్కితేనే కాల్ వెళ్లేలా చేయడం.

ఖర్చు: రెండూ చాలా సిస్టమ్స్‌లో ముందే ఉంటాయి, అదనంగా కొనేదేమీ లేదు.

శ్రమ: తాళం ఒకసారి వేస్తే చాలు. పిన్ అయితే మనిషి మానేసినప్పుడల్లా తీసేయాలి. అదే ఎవరూ చేయరు!

రిస్క్: తాళంలో చిక్కంతా నంబర్ల రూల్స్‌లోనే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కైనా ముందు 0 నొక్కాలి. పాత పద్ధతిలో 0 బ్లాక్ చేసి ఎస్టీడీ (వేరే ఊళ్ల కాల్స్) ఆపామనుకుంటే, పక్క వీధిలో ఉన్న కస్టమర్ మొబైల్‌కీ కాల్ వెళ్లదు. 00 మాత్రం బ్లాక్ చేయండి, ఐఎస్‌డీ (విదేశీ కాల్స్) ఆగుతుంది. పిన్‌కు ఈ తలనొప్పి తక్కువ, కానీ 1234 పెట్టారో, వారంలో అందరి నోటా అదే.

లెక్క: తాళం ఉంటే సిస్టమ్ కాల్ రికార్డులో ఎక్స్‌టెన్షన్ కనిపిస్తుంది, మనిషి కనిపించడు. ఎవరి పిన్ వారికుంటే మనిషీ తెలుస్తాడు.

రిసెప్షన్, లాబీ, గోడౌన్ ఫోన్లకు తాళమే. షిఫ్టుల్లో ఒకే సీటు నలుగురు వాడే చోట పిన్. విదేశీ కాల్స్ అరుదైతే 00 అందరికీ మూసి, మేనేజర్‌కు మాత్రం పిన్‌తో తెరవండి.