ఒంటరి ఇంట్లో పల్స్ ఆక్సీమీటర్: లాక్‌డౌన్ నుంచి ఇప్పటిదాకా వాడి రాస్తున్న సమీక్ష

వేలికి తగిలించుకుంటే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపించే ఆక్సీమీటర్ సంగతి ఇప్పుడెవరికి కావాలి అంటారేమో. 2020లో హడావుడిగా కొన్నవాటిలో చాలామటుకు ఈపాటికి సొరుగుల్లో సెల్లులు కారి తుప్పు పట్టి ఉంటాయి. నాది ఇంకా పనిచేస్తోంది, ఇంకా పనికొస్తోంది. నాకు డెబ్బై దాటాయి. ఇంట్లో ఒక్కదాన్నే. లాక్‌డౌన్ అంతా అలాగే గడిచింది, ఆ తర్వాతా అంతే. "మొహం అలా పాలిపోయిందేమిటి" అని అడిగే రెండో మనిషి ఇంట్లో లేనివాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. నలుగురున్న ఇంట్లో దీని అవసరం వేరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది 2020 మార్చి 11న. ఆ తర్వాత కొద్ది వారాలకే డాక్టర్ల నోట ఓ వింత వినపడసాగింది: రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయినా కొందరు రోగులు కూర్చుని ఫోన్లో కబుర్లు చెప్పుకుంటున్నారని. మనకు ఆయాసం తెలిసేది ముఖ్యంగా ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నప్పుడు. ఈ జబ్బులో కొందరికి అది మామూలుగానే బయటికి పోతూ ఉంటుంది, ఆక్సిజన్ మాత్రం తగ్గుతూ ఉంటుంది. అందుకే తెలియదు. పక్కన ఎవరైనా ఉంటే పెదవులు నీలంగా మారడం చూస్తారు, మాటలో తేడా పసిగడతారు. పైగా పెద్ద వయసులో ఆక్సిజన్ తగ్గితే మనిషి అయోమయంలో పడొచ్చు. అయోమయంలో ఉన్న మనిషి తనకు తానే ఆ సంగతి కనిపెట్టి ఫోన్ చేయాలంటే ఎక్కడ కుదురుతుంది? ఈ ఒక్క కారణంతోనే కొన్నాను. అమ్మాయి పోరు కూడా ఉందనుకోండి.

లోపల ఉన్నదల్లా రెండు చిన్న దీపాలు, ఎదురుగా ఒక గ్రాహకం. దీపాల్లో ఒకటి ఎర్రనిది, రెండోది కంటికి కనపడని పరారుణ కాంతి ఇచ్చేది. ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్, పట్టుకోనిది ఈ రెండు కాంతుల్నీ వేరువేరు పాళ్లలో పీల్చుకుంటాయి. నాడి కొట్టినప్పుడల్లా వేలిగుండా వచ్చే కాంతిలో కాస్త మార్పు వస్తుంది కదా, నూటికి ఎంత హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పట్టుకుని ఉందో లెక్క కట్టేది ఆ మార్పు నుంచే. ఈ కిటుకు 1970ల్లో పట్టుకున్నది తకువో అవోయాగి అనే జపాన్ ఇంజినీరు. ఆయన 2020 ఏప్రిల్‌లో, 84 ఏళ్ల వయసులో పోయారు. లోకమంతా ఆయన కనిపెట్టిన వస్తువు కోసం మందుల దుకాణాల చుట్టూ తిరుగుతున్న నెల అది. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక వాడకం. పొద్దున లేచి మొహం కడుక్కున్నాక ఒకసారి, సాయంత్రం దీపాలు వేసే వేళకు ఒకసారి. అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. మెట్లెక్కి వచ్చో, ఇల్లు ఊడ్చో వెంటనే పెట్టుకుంటే వచ్చే అంకె విశ్రాంతిగా ఉన్నప్పటిది అవదు. చేయి గుండె ఎత్తున, బల్ల మీద ఆనించి ఉంచాలి. గోళ్లకు ముదురు రంగు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వేళ్లు చల్లగా ఉండకూడదు. చలికాలం పొద్దున నా వేలు దూర్చగానే 90 అని కనపడిన రోజులున్నాయి. వేడినీళ్ల గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కాసేపు కూర్చుని మళ్లీ పెడితే 92, 94, 96 అంటూ మెల్లగా ఎక్కి 97 దగ్గర నిలబడుతుంది. అంకె పక్కన చిన్న అల లాంటి గీత కదులుతూ ఉంటుంది. అది ఒకే తీరుగా, నిండుగా ఎగసిపడుతున్నప్పుడు వచ్చే అంకెనే నమ్మాలి. గీత సన్నగా, తెగిపోతూ ఉంటే నమ్మకూడదు. వేలు దూర్చగానే కనపడే మొదటి అంకెను అసలే పట్టించుకోకూడదు, కనీసం ఒక నిమిషం ఆగాలి. పెట్టెలో వచ్చిన కాగితం మీద ఈ ముక్కలు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నాయి. ముసలివాళ్లు కొనే వస్తువుకు ఆ అక్షరాలేమిటో!

లాక్‌డౌన్ రోజుల్లో అమ్మాయి ఫోన్ చేసి "ఎలా ఉన్నావమ్మా" అంటే నా జవాబు ఎప్పుడూ ఒకటే, "బానే ఉన్నా". ఒంట్లో బాగున్నా అదే, బాగోకపోయినా అదే. దానికీ తెలుసు నేను అంతే చెబుతానని. ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండేవి కావు. తలుపు దాటని మనిషికి చెప్పుకోవడానికి ఏం జరుగుతుంది గనక? ఈ వస్తువు వచ్చాక ప్రశ్న మారింది. "ఎంతమ్మా?" "తొంభై ఏడు." "నాడి?" "డెబ్బై నాలుగు." "చూపించు." వీడియోలో వేలు చూపించాలి. అప్పుడిక "బానే ఉన్నా" చెల్లదు. అంకెలు అయ్యాక తీరిగ్గా మిగతా కబుర్లు వచ్చేవి, నిద్ర పట్టిందా, మోకాలు ఎలా ఉంది, ఏ మాత్రలు అయిపోవస్తున్నాయి అని. ఈ ఒక్క ఉపయోగానికే కొన్న డబ్బు గిట్టిందంటాను.

అంకె తెలిసినంత మాత్రాన అయిపోదు, ఎంతకు ఏం చేయాలో ముందే ఖాయం చేసుకోవాలి. మా డాక్టరుగారు ఫోన్లో చెప్పినవి పెద్ద అక్షరాలతో రాసి తలుపు వెనక అంటించుకున్నాను. 95, ఆపైన ఉంటే ఫరవాలేదు. 93, 94 వస్తే చేయి వేడి చేసుకుని, ఇంకో వేలికి పెట్టి మళ్లీ చూడాలి. అప్పుడూ అంతే ఉంటే ఆయనకు ఫోన్. 92, ఆలోపు నిలకడగా ఉంటే ఎవర్నీ అడగకుండా అంబులెన్స్. ఇవి నా ఊపిరితిత్తులకు చెప్పిన హద్దులు. ఎప్పట్నుంచో ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు మామూలు అంకే తక్కువగా ఉండొచ్చు, వాళ్ల హద్దులు వాళ్ల డాక్టరే చెప్పాలి. కాగితం కింద ఇంకో వాక్యం అమ్మాయి చెప్పి రాయించింది: పొద్దున తొమ్మిదిలోపు నా అంకె రాకపోతే అది ఫోన్ చేస్తుంది, నేను ఎత్తకపోతే పై అంతస్తు కుర్రాడికి చేస్తుంది. తాళంచెవి ఒకటి అతని దగ్గర ఉంటుంది. ఆ కుర్రాడు రెండుసార్లు పరుగున దిగి వచ్చాడు, రెండుసార్లూ నేను స్నానాల గదిలో ఉన్నాను. "ఫరవాలేదాంటీ, కాళ్లకు పని దొరికింది" అన్నాడు పాపం, మాస్కు లోంచి నవ్వుతూ.

ఇక దీని దుర్గుణం. ఇది చేతికి అందేంత దూరంలో ఉంటే వ్యసనం లాంటిదవుతుంది. రాత్రి మెలకువ వస్తుంది, గొంతు ఎండినట్టుంటుంది, దగ్గొచ్చినట్టుంటుంది, చేయి దానికోసం వెతుకుతుంది. నిద్రలోంచి లేచి, చల్లని వేలికి, చీకట్లో, సరిగ్గా దూర్చకుండా పెడితే వచ్చేది తక్కువ అంకే. ఇక ఆ రాత్రికి నిద్ర లేదు. పక్కన ఎవరైనా ఉంటే "పడుకో, పొద్దున చూద్దాం" అంటారు. ఆ మాట అనే మనిషి లేకపోవడమే ఒంటరితనంలో అసలు కష్టం. దీన్ని ఇప్పుడు మంచం పక్కన ఉంచను. ముందు గదిలో, గడియారం కింద సొరుగులో ఉంటుంది. అంత దూరం లేచి వెళ్లి, దీపం వేసి, కూర్చుని పెట్టుకునే ఓపిక ఉందంటే అప్పుడు చూసుకోవడం న్యాయమే.

నాకు మరీ మేలు చేసింది పక్కనున్న నాడి అంకె. ఒక పొద్దున ఆక్సిజన్ 97 దగ్గర కదలకుండా ఉంది, నాడి మాత్రం 72, 104, 85 అంటూ గెంతుతోంది. గీత కూడా ఒక ఎగుడు, ఒక దిగుడు, మధ్యలో ఖాళీ. యంత్రం పాడైందనుకుని మణికట్టు మీద వేళ్లు పెట్టి గడియారం చూస్తూ లెక్కపెట్టాను. అక్కడా అంతే, తాళం తప్పిన భజన. వీడియో తీసి డాక్టరుగారికి పంపితే ఈసీజీకి రమ్మన్నారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు అని తేలింది. దానివల్ల గుండెలో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుందట, రక్తం పలచబడే మాత్ర మొదలుపెట్టారు. ఆక్సీమీటర్‌తో ఈ జబ్బు ఉందని తేల్చలేమనీ, అది చేయాల్సింది ఈసీజీయేననీ ఆయన గట్టిగా చెప్పారు. సరే. కానీ నన్ను ఈసీజీ దాకా నడిపించింది ఇదే.

అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? దీని 90 అంటే అసలు 86 నుంచి 94 దాకా ఏదైనా అయి ఉండొచ్చని మందులు, వైద్య పరికరాల మీద అజమాయిషీ చేసే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2021 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆస్పత్రికి అమ్మేవి కాకుండా బయట దొరికే చాలా రకాలను తాము పరీక్షించనే లేదని కూడా ఆ సంస్థ చెబుతుంది. 2020 డిసెంబరులో వచ్చిన అమెరికా పరిశోధన ఒకటి మనబోటి వాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఆక్సీమీటర్ బాగుందని చూపిస్తున్నా రక్తపరీక్షలో ఆక్సిజన్ తక్కువగా తేలడం తెల్లవాళ్లలో కంటే నల్లవాళ్లలో దాదాపు మూడింతలు ఎక్కువని అందులో తేలింది. చర్మం రంగు ముదురైన కొద్దీ ఇది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే వీలుందన్నమాట. కాబట్టి నేను ఒక్క అంకెను నమ్మను, రోజూ అంకెలు రాసుకునే పుస్తకంలో వరసను నమ్ముతాను. రోజూ 97 ఉండే మనిషికి వరసగా 95, 94 వస్తుంటే అది సంగతే, అంబులెన్స్ హద్దుకు పైనే ఉన్నా సరే. రక్తహీనత ఉన్నవాళ్లకు అసలు రక్తమే తక్కువైనా అంకె నిండుగా వస్తుంది. బొగ్గుపొయ్యి పొగలో కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన మనిషికీ బాగున్నట్టే చూపిస్తుంది, అది మరీ ప్రమాదం.

నాకూ కోవిడ్ వచ్చింది, టీకాలు వేయించుకున్నాక, లాక్‌డౌన్లన్నీ ఎత్తేశాక. లక్షణాలుండి, జబ్బు ముదిరే ప్రమాదమున్నవాళ్లు ఇంట్లో ఆక్సీమీటర్‌తో చూసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జనవరిలోనే సూచించింది, డాక్టరుగారూ అదే అన్నారు. కూర్చుని ఒకసారి, గదిలోనే మూడు నిమిషాలు నడిచి మరొకసారి చూడమన్నారు. నడిచాక అంకె మూడు తగ్గితే చెప్పాలి. ఒంటరిదాన్ని కాబట్టి నడిచేటప్పుడు ఫోన్ జేబులో, స్పీకర్‌లో అమ్మాయి. గోడ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతుంటే అవతల అది నిమిషాలు చదివేది. అత్యల్పం 94 వచ్చింది, అదీ నడిచాకే. జ్వరం తగ్గింది, నీరసం మాత్రం చాలా రోజులు పీడించింది. నీరసాన్ని కొలిచే మీట ఇందులో లేదు.

కొనేవాళ్లకు నాలుగు మాటలు. అంకెలు పెద్దగా, అల గీత కనపడేలా ఉన్నదే తీసుకోండి. గీత లేనిది చవగ్గా వస్తుంది కానీ నమ్మాలో లేదో తెలియదు. మీట నొక్కితే తెర అడ్డంగా, నిలువుగా తిరిగేది ఉండాలి. లేకపోతే మన అంకె మనకే తలకిందులుగా కనపడి 96 కాస్తా 96గానే కనిపిస్తుంది గానీ 89 కాస్తా 68 అవుతుంది, నవ్వకండి, ఆ గుబులు పడ్డవాళ్లకు తెలుస్తుంది. క్లిప్పు స్ప్రింగు మరీ బిగువుగా ఉంటే వేళ్ల నొప్పులున్నవాళ్లు ఒంటిచేత్తో తెరవలేరు, దుకాణంలోనే తెరిచి చూడండి. చేతులు వణికేవాళ్లకూ, చలికి వేళ్లు తెల్లబడేవాళ్లకూ అంకె ఓ పట్టాన నిలవదు, వాళ్లు డాక్టర్ని అడిగి కొనడం మంచిది. నా దాని లోపలి రబ్బరు పసుపురంగు తేలింది, మీట రెండుసార్లు నొక్కితే గానీ వెలగడం లేదు. అయినా ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా అక్కడి యంత్రం పక్కన దీన్నీ పెట్టి చూస్తాను, ఒక అంకె అటూ ఇటూగా ఉంటోంది. అది రెండు మూడు అంకెలయిన రోజున కొత్తది కొంటాను. సెల్లులు రెండు, సన్నవి. రోజూ వాడనివాళ్లు వాటిని తీసి పక్కన ఉంచండి, లోపలే వదిలేస్తే కారిపోతాయి.