జాగ్రత్త: ఆఫీసు యాప్ కొనేవాళ్లు ముందుగా ఓనర్ ఖాతా ఎవరి పేరున ఉందో చూసుకోండి

నిన్న సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది, తప్పులుంటే సర్దుకుని చదవండి. విజయవాడలో చిన్న ఆఫీసుల గుమ్మాలన్నీ తొక్కుతూ, "వాట్సాప్ గ్రూపులు ఇంకా ఎందుకు మేడమ్, ఇందులో అన్నీ ఉన్నాయి" అని చెప్పి అమ్ముతున్నారే, ఆ ఏజెన్సీ గురించే. పేరు రాయను. కొన్నవాళ్లకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది.

మాది పన్నుల లెక్కలు చూసే ఆఫీసు, తొమ్మిది మందిమి. యాప్ చూడటానికి ఫేస్‌బుక్ లాగే ఉంటుంది: పోస్టులు, లైకులు, గ్రూపులు, ఇద్దరు విడిగా మాట్లాడుకునే చోటు. ఏడాదికి 38,000 రూపాయలు కట్టాను.

నిన్న రెన్యువల్ కోసం ఫోన్ చేసిన కుర్రవాడు నేను అడగకముందే పాతిక శాతం తగ్గిస్తానన్నాడు. ఎందుకింత దయ అన్నాను. నవ్వాడు. "మీరే అన్నారు కదా మేడమ్, దీనికి పెట్టిన డబ్బు దండగ, మార్చి దాటాక వదిలించుకుందామని."

అన్నాను, నిజమే. కానీ అతనితో కాదు. రాత్రి పదకొండింటికి మా వదినకు విడిగా రాసిన సందేశంలో అన్నాను. "దండగ", "వదిలించుకుందాం" రెండూ నా మాటలే, అక్షరం మారలేదు. ఫోను చెవి దగ్గరే ఉంది, నాకు నోట మాట రాలేదు. అదే చోట ఇంకా ఏమేమి రాసుకున్నామో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది: ఎవరి జీతం పెంచాలి, ఎవరిని మానిపించాలి, మా అన్నయ్య గుండె ఆపరేషన్‌కు ఎంత అప్పు చేశాం. తేరుకుని "మా సందేశాలు మీరెలా చదివారు?" అని అడిగితే, "సపోర్టులో భాగంగా చూస్తుంటాం మేడమ్, మీ మంచికే" అన్నాడు. మా మంచికట!

ఎలా చదివాడో రాత్రి కూర్చుని వెతికితే తేలింది. మొదటి రోజు "మీకెందుకు శ్రమ, అంతా నేనే పెట్టిస్తాను" అని తన మెయిల్‌తోనే ఓనర్ ఖాతా, అంటే యాప్ మీద పూర్తి పెత్తనం ఉండే ఖాతా, తెరిచాడు. నాకు మాత్రం "అడ్మిన్" అనే అలంకారం తగిలించాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ ఇల్లు కట్టిన మేస్త్రీయే ఒక తాళంచెవి ఉంచుకున్నాడు, నేను చాయ్ ఇచ్చి మరీ పంపించాను. వాట్సాప్‌లో మన సందేశాలు ఆ కంపెనీ కూడా చదవలేని విధంగా తాళం పడి ఉంటాయి. ఇలాంటి ఆఫీసు యాప్‌లలో సాధారణంగా ఆ ఏర్పాటు ఉండదు. పేరున్న స్లాక్‌లో కూడా పై స్థాయి ప్లాన్ ఉన్న సంస్థ, స్లాక్ కంపెనీ అనుమతి తీసుకుని, ఉద్యోగుల విడి సందేశాలను సైతం దించుకోవచ్చు. ఇవన్నీ కొనకముందు చదవాల్సిన సంగతులు. నేను చదివింది ధరల పట్టిక ఒక్కటే.

నా కబుర్లు పోతే పోయాయి. జూలై 31 గడువు ముంచుకొస్తోందని క్లయింట్ల పాన్ కార్డులు, ఫారం 16లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ అందులోనే పెట్టించాను. ఆధార్ సైతం నిండు నంబరుతో. చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఉందని పదిమందికి చెప్పే వృత్తిలో ఉండి! 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెరిచి చూస్తే, బాధ్యత సమాచారం తీసుకున్నవారిదేనట, పని చేసిపెట్టిన కంపెనీ మీదకు నెట్టి తప్పించుకోవడానికి లేదట. గరిష్ఠ జరిమానా 250 కోట్లు. మా ఆఫీసు కుర్చీలు, ఫ్యాన్లు అమ్మినా అందులో సున్నాలకు కూడా సరిపోవు.

ఈ ఉదయం ఓనర్ ఖాతా నా పేరుకు మార్చమని అడిగాను. "రెన్యువల్ కడితే మారుస్తాం మేడమ్." ఫైళ్లు చెరిపేయమన్నాను. దానికీ అదే జవాబు. రాతపూర్వకంగా ఇవ్వమంటే ఫోన్ పెట్టేశాడు. అప్పటి నుంచి తీయడం లేదు. వాళ్లకూ యాప్ కంపెనీకీ మెయిళ్లు పంపాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను.

ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రోజే సెట్టింగ్‌లలో ఓనర్ మెయిల్ ఎవరిదో చూడండి. మీది కాకపోతే, అడిగేలోపే మీ ఫైళ్లు దించుకోండి. నేను అడిగాక దించుకుందామనుకున్నాను, మధ్యాహ్నానికి నా అడ్మిన్ పోయింది.

క్లయింట్లకు విషయం చెప్పడం మొదలుపెట్టాను. 22 మందికి చెప్పాను, ఇంకా 83 మంది ఉన్నారు.