డాష్‌బోర్డు మీద మైలేజీ అంకె: సునాబెడ – సాలూరు ఘాట్‌లో ఏళ్ల వాడకం తర్వాత

నా కారులో ఒక్క ఫీచర్ ఉంచుకుని మిగతావన్నీ ఇచ్చెయ్యమంటే, నేను ఉంచుకునేది స్పీడోమీటరు పక్కనుండే ఆ చిన్న అంకెనే. ఈ క్షణాన కారు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తోందో ఒక వరుసలో, ట్యాంకు నింపినప్పటి నుంచి సగటు ఎంతో దాని కింద వరుసలో చూపిస్తుంది. ఇలాంటి అంకె ఇప్పుడు చాలా కార్లలో ఉంది. ఉన్నా చూసేవాళ్లు తక్కువ.

కారు గురించి పెద్దగా చెప్పేది లేదు. 1200 సీసీ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. మేముండేది ఒడిశాలోని సునాబెడలో. రోజూ టౌన్‌షిప్పులో చిన్న చిన్న తిరుగుళ్లు, పనుంటే జయపురం, పండగలకీ పెళ్లిళ్లకీ పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు, అక్కణ్నుంచి విజయనగరం అత్తవారింటికి. మా పీఠభూమి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంటుంది, సాలూరు ఘాట్ అడుగున ఉంటుంది. కాబట్టి మైలేజీ అన్న మాటకు ఇక్కడ పోయేటప్పుడు ఒక అర్థం, వచ్చేటప్పుడు ఒక అర్థం.

ఈ అంకె నాకు మొదట తేల్చి చెప్పింది న్యూట్రల్ సంగతి. ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోలు మిగులుతుందని మా వైపు జీపుల వాళ్లూ ఆటోల వాళ్లూ ఇప్పటికీ నమ్ముతారు. కార్బ్యురేటర్ల కాలంలో ఆ మాటలో కొంత నిజం ఉండేది. ఇప్పటి ఇంజిన్‌లో మూడో గేరులో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే కంప్యూటర్ ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లను పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. అంకె వెంటనే డిస్‌ప్లే చూపగలిగినంత పైకి వెళ్లి అక్కడే నిలబడుతుంది. అదే న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి కొంత పెట్రోలు పొయ్యక తప్పదు, అంకె దిగిపోతుంది. పైగా న్యూట్రల్‌లో ఇంజిన్ బ్రేకింగ్, అంటే గేరులో ఉన్న ఇంజిన్ కారును నిదానింపజెయ్యడం, ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. సుంకి దాటాక ఆ మలుపుల్లో బ్రేకులు కాలిపోతే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఎక్కేటప్పుడు ఏడో ఎనిమిదో చూపిస్తుంది. దానికి టెన్షన్ పడక్కర్లేదు, కొండ ఎక్కడానికి అయ్యే ఖర్చు అది. సెమిలిగుడ సంతలో ఇరుక్కుని ఇంజిన్ ఆన్‌లో పెట్టుకు కూర్చుంటే మాత్రం సున్నా చూపిస్తుంది. ఆ సున్నాను కళ్లారా చూశాక ఇంజిన్ ఆపకుండా ఉండటం కష్టం.

దీని అసలు విలువ తెలిసింది మొన్నటి చలికాలంలో.

నాకు మామూలుగా సగటు 17 దగ్గర ఉంటుంది. చలికాలంలో ఒకటి తగ్గడం ఏటా ఉన్నదే. చల్లటి ఇంజిన్‌తో చిన్న దూరాలు తిరిగితే అలాగే అవుతుంది. ఆ ఏడు మాత్రం ట్యాంకు ట్యాంకుకీ దిగుతూ 13కి వచ్చింది. ఇంజిన్ లైటు వెలగలేదు, పికప్ తగ్గలేదు, శబ్దం మారలేదు. సర్వీసు సెంటర్లో చెబితే, "ఈ20 పెట్రోలు వచ్చాక అందరికీ అంతే సార్" అన్నారు. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో కంటే సుమారు మూడో వంతు తక్కువ. 10 శాతం కలిపిన పెట్రోలు నుంచి 20 శాతానికి మారితే లెక్క ప్రకారం పోయేది మూడు నాలుగు శాతం. నాకు పోయింది 20 శాతం పైమాటే. ఇదే లెక్క వాళ్ల ముందు పెట్టాను. విని, ఇంజెక్టర్ క్లీనింగ్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, వీల్ అలైన్‌మెంట్ చేసి బిల్లు ఇచ్చారు. అంకె కదల్లేదు. ఆ బిల్లు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి సాలూరు లారీ షెడ్డుల్లో పని నేర్చుకుని ఇక్కడ స్థిరపడిన ఒక పెద్ద మేస్త్రి దగ్గరికి వెళ్లాను. ఆయన బానెట్ తెరవకుండానే అడిగాడు: "హీటర్లో వేడి గాలొస్తందా బాబూ?"

గోరువెచ్చగా వస్తోందని చెప్పాను. దేవ్‌మాలి కొండ వైపు పొగమంచులో అద్దం తేటపడటానికి చాలాసేపు పడుతోందనీ చెప్పాను. నా కారులో టెంపరేచర్ ముల్లు లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ ఒక నీలం లైటు వెలిగి, వేడెక్కాక ఆరిపోతుంది. ఆరిపోయిన ఆ లైటు ఘాట్ దిగేటప్పుడు మళ్లీ వెలుగుతోందని కూడా చెప్పాను. ఆయన ముఖంలో జవాబు దొరికేసిన కళ కనబడింది. "కారు రాత్రికిక్కడే ఉంచండి. పొద్దున్న చల్లింజినుతో చూడాల" అన్నాడు.

పొద్దున్నే స్టార్ట్ చేయించి రేడియేటరుకు వెళ్లే పై గొట్టం మీద చెయ్యి వేశాడు, నా చేతా వేయించాడు. కాసేపటికే గొట్టం వెచ్చబడింది. రేడియేటరుకు దారి తెరిచే కవాటమే థర్మోస్టాట్. అది బాగుంటే, ఇంజిన్‌లోని కూలెంట్ (చల్లబరిచే ద్రవం) 80 డిగ్రీలు దాటేదాకా అది మూసుకునే ఉండాలి. అప్పటిదాకా ఆ వేడి రేడియేటరు వైపు పోకూడదు. నా థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఇరుక్కుపోయింది. ఇంజిన్ ఎంత కష్టపడి వేడెక్కినా కొండగాలి ఆ వేడిని లాగేస్తోంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ దారంతా పెట్రోలు ఎక్కువ పోస్తోంది. ఘాట్ దిగేటప్పుడు ఇంజెక్టర్లు ఆగిపోతాయి కాబట్టి పుట్టే వేడి కూడా ఉండదు. అందుకే నీలం లైటు మళ్లీ వచ్చేది.

సాయంత్రానికి కొత్త థర్మోస్టాట్, కొత్త కూలెంట్ పడ్డాయి. పార్టు, మజూరీ కలిపినా ఆ క్లీనింగ్ బిల్లులో సగం కాలేదు. తర్వాతి ట్యాంకుకే సగటు 16.5కి వచ్చింది. తగ్గిన ఆ అరను నేను ఈ20 ఖాతాలోనే వేస్తాను. అంతవరకూ సర్వీసు వాళ్ల మాట ఒప్పుకుంటాను. మేస్త్రిగారికి మాత్రం నేను రుణపడి ఉన్నాను.

ఇక ఈ అంకెతో ఇబ్బందులు. ఇది చెప్పేది పూర్తి నిజం కాదు. ట్యాంకు నిండా పోయించి, తిరిగిన కిలోమీటర్లను మళ్లీ పట్టిన లీటర్లతో భాగిస్తే, డిస్‌ప్లే కంటే ఇంచుమించు ఒక కిలోమీటరు తక్కువ వస్తుంది. నేను పైన చెప్పిన 17, 13 కూడా డిస్‌ప్లే లెక్కలే. ఎప్పుడూ ఒకేలా ఎక్కువ చూపిస్తుంది కాబట్టి తేడా పట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే. ట్యాంకు నింపినప్పుడల్లా సగటును సున్నా చెయ్యాలి. లేకపోతే పాత కిలోమీటర్లు కొత్త జబ్బును కప్పేస్తాయి.

ఎత్తు ఎక్కేటప్పుడు అంకె బాగుండాలని నాలుగో గేరులోనే ఈడ్చుకుపోతే ఇంజిన్ వణుకుతుంది, అది ఇంజిన్‌కు మంచిది కాదు. మలుపుల్లో అసలు దాని వైపు చూడకూడదు. టైర్లలో గాలి తగ్గితే సగటు దిగుతుంది గానీ కారణం అది చెప్పదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే గాలి ఒత్తిడి సుమారు ఒకటిన్నర పీఎస్‌ఐ తగ్గుతుంది. అందుకే అక్టోబరులో నింపించినా డిసెంబరులో, కారు కదలకముందు, మళ్లీ చూసుకోవాల్సిందే. ఎంత ఉండాలో చాలా కార్లలో డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది.

విజయనగరంలో మా బావమరిదిదీ ఇదే కారు. అతనికి 15 వస్తుంది, డిస్‌ప్లేలో గడియారం తప్ప ఇంకేమీ చూడడు, ఏ ఇబ్బందీ లేదు. చదును రోడ్డు మీద ఊళ్లో తిరిగేవాళ్లకు ఇది నాకు పనికొచ్చినంత పనికి రాకపోవచ్చు. నేను కొన్నప్పుడు బేస్ మోడల్లో ఇది లేదు, దీని కోసమే పై మోడల్‌కు డబ్బు పెట్టాను. ఘాట్‌తో పని లేనివాళ్లకు ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకోవడమే మేలేమో.