ఎలుకలో పెంచిన గడ్డా, పళ్లెంలో పెంచిన కణాలా: ఏది మేలు?

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పిన్నికి రొమ్ములో గడ్డ క్యాన్సరేనని బయాప్సీలో తేలింది. రిపోర్టు వచ్చిన రాత్రే ఫోన్ చేసింది. "మన గడ్డ ముక్క ఎలుకలో పెట్టి, ఏ మందు పనిచేస్తుందో ముందే చూస్తారంటగదే. మనమూ చేయిద్దామా?" అంది. పీజీలో ఆ ఎలుకలతోనే రెండేళ్లు పనిచేశాను కాబట్టి నన్నే అడిగింది.

మామూలు ఎలుక మనిషి కణాలను ఒంట్లో ఉండనివ్వదు, దాని రోగనిరోధక శక్తి చంపేస్తుంది. అందుకే రోగనిరోధక కణాలు ఎదిగే థైమస్ గ్రంథి సరిగా ఏర్పడని, వెంట్రుకలు లేని న్యూడ్ ఎలుకల్లో 1969లో డెన్మార్క్‌లో రిగార్డ్, పోవ్ల్‌సెన్ అనే ఇద్దరు మనిషి పెద్దపేగు క్యాన్సర్‌ను పెంచి చూపించారు. ఇప్పుడు రోగనిరోధక శక్తి అంతకన్నా తక్కువున్న ఎన్‌ఎస్‌జీ అనే రకం ఎలుకలు వాడుతున్నారు. వాటికి రోగనిరోధక శక్తికి ముఖ్యమైన టీ, బీ కణాలూ లేవు, ఎన్‌కే కణాలూ లేవు. చిన్న ఇన్ఫెక్షన్‌కే చచ్చిపోతాయి. గాలి వడగట్టి, మేతనూ నీళ్లనూ శుద్ధి చేసి ఇవ్వాలి.

ఎలుకలో పెట్టేది రెండు రకాలు. ఒకటి, ల్యాబుల్లో ఏళ్ల తరబడి పెంచుతున్న కణాలు. రొమ్ము క్యాన్సర్‌కి 1970లో మొదలైన ఎంసీఎఫ్-7 అలాంటిదే. చవక, తొందరగా పెరుగుతుంది, ప్రతిసారీ దాదాపు ఒకేలా ఉంటుంది. కానీ ప్లాస్టిక్ పళ్లెంలో ఇన్నేళ్లు బతకడానికి అలవాటుపడ్డ కణాలు మా పిన్ని గడ్డ గురించి ఏం చెబుతాయి? రెండోది, ఆపరేషన్‌లో తీసిన ముక్కనే రెండు మూడు మిల్లీమీటర్లుగా కోసి చర్మం కింద పెట్టడం. మామిడి అంటు కట్టినట్టే, పట్టేదాకా నమ్మకం లేదు. పట్టాక వెర్నియర్ అనే కొలత పరికరంతో కొలుస్తాం: పొడవును వెడల్పు వర్గంతో గుణించి సగం చేస్తే ఘనపరిమాణం. 10 మి.మీ. పొడవు, 8 మి.మీ. వెడల్పయితే 320 ఘన మి.మీ. మందిచ్చిన ఎలుకలో ఆ అంకె తగ్గడం మొదటిసారి చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే.

అసలు గడ్డ స్వభావం ఇందులోనే ఎక్కువగా నిలుస్తుంది. అయితే నెలలు పడుతుంది. పైగా పిన్నిది ఈస్ట్రోజన్ రిసెప్టర్ పాజిటివ్, అంటే ఈస్ట్రోజన్ హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్ ఉన్న గడ్డ. అలాంటి గడ్డలు ఎలుకలో పట్టడమే కష్టం, రెండు హార్మోన్ల రిసెప్టర్లూ, హెర్2 అనే ప్రొటీనూ లేని ట్రిపుల్ నెగటివ్ అయితే కొంచెం నయం. పట్టినా, ఒక ఎలుక నుంచి ఇంకో ఎలుకకు మార్చేకొద్దీ గడ్డ చుట్టూ ఉండే మనిషి కణజాలం పోయి ఎలుకది వచ్చేస్తుంది. రోగనిరోధక శక్తినే గడ్డ మీదికి ఉసిగొల్పే ఇమ్యునోథెరపీ మందులైతే, అవి పనిచేయడానికి కావాల్సిన రోగనిరోధక కణాలే ఆ ఎలుకలో లేవు. మనిషి రోగనిరోధక కణాలు ఎక్కించిన ఎలుకలు వేరే ఉన్నాయి, వాటి ఖర్చూ వేరే.

ఆర్గనాయిడ్లు మరో దారి. 2009లో నెదర్లాండ్స్‌లోని క్లెవర్స్ బృందం ఎలుక పేగు మూలకణాలతో జెల్లీలో చిట్టి పేగుల్లాంటి ఉండలు పెంచింది. తర్వాత మనిషి గడ్డలతోనూ సాధ్యమైంది. కొన్ని వారాల్లో తయారవుతాయి, ఒకేసారి చాలా మందులు పరీక్షించొచ్చు. కానీ రక్తనాళాలుండవు, మందును మార్చే కాలేయమూ ఉండదు. మన దేశంలో కూడా 2023లో కొత్త మందుల నిబంధనలు సవరించి ఇలాంటి పద్ధతులకు చోటిచ్చారు.

నన్నడిగితే, మందులు కనిపెట్టేవాళ్లు ముందు ఆర్గనాయిడ్లలో వడబోసి, మిగిలిన రెండు మూడింటినే రోగి గడ్డ పెట్టిన ఎలుకల్లో చూడాలి. మందు ఒంట్లో ఎలా తిరుగుతుందో పళ్లెం చెప్పలేదు కదా. పిన్నికి మాత్రం రెండూ వద్దన్నాను. హార్మోన్ రిసెప్టర్లు, హెర్2 పరీక్షలు చూసి డాక్టర్లు మందు నిర్ణయిస్తారు, ఎలుక కోసం నెలలు ఆగితే నష్టం మనకే.

పిన్ని కాసేపు మాట్లాడలేదు. "ఆ ఎలుకలకి నొప్పి పుట్టదా?" అంది.

ముక్క పెట్టేటప్పుడు మత్తిస్తామని, గడ్డ హద్దు దాటినా బరువు తగ్గిపోయినా నొప్పి తెలియకుండా ప్రాణం తీస్తామని చెప్పాను. ఆపరేషన్‌లో మిగిలే ముక్కను పరిశోధనకు ఇవ్వొచ్చని కూడా చెప్పాను. అందుకు ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం పెట్టింది. ఆపరేషన్ వచ్చే సోమవారం.