ట్యాప్సీ ఒక్కటే చాలదు, ఎఫ్‌ఏసీ కూడా చూడండి

పర్లాకిమిడి, రాయగడ వైపు పల్మనరీ హైపర్‌టెన్షన్ (ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరగడం) పేషెంట్ వస్తే, గుండె కుడి వైపు ఎలా పనిచేస్తోందో మామూలు ఎకో మెషీన్‌తో చెప్పడానికి ట్యాప్సీ, ఎఫ్‌ఏసీ అనే ఈ రెండు కొలతలు తేలిగ్గా అందుతాయి.

ట్యాప్సీ అంటే ట్రైకస్పిడ్ కవాటం (గుండె కుడివైపు గదుల మధ్య కవాటం) చుట్టూ ఉన్న వలయం ప్రతి సంకోచానికీ గుండె కొన వైపు ఎన్ని మిల్లీమీటర్లు జరుగుతోందో ఎం-మోడ్‌లో (ఒకే గీత మీది కదలికను కాలంతో పాటు చూపే ఎకో పద్ధతి) చూడటం. 17 కంటే తక్కువైతే పనితీరు తగ్గినట్టే. నిమిషం పట్టదు, బొమ్మ కాస్త మసగ్గా ఉన్నా వస్తుంది, ఆయాసంతో సరిగ్గా పడుకోలేని మనిషిని ఎక్కువసేపు కష్టపెట్టక్కర్లేదు (నాకు ఇది చిన్న విషయం కాదు). కానీ అది ఒక్క చోట కదలిక మాత్రమే. కర్సర్ (తెర మీద కొలిచే గీత) వంకరగా పడితే అంకె తగ్గుతుంది, ట్రైకస్పిడ్ లీక్ తీవ్రంగా ఉంటే బాగున్నట్టు కనిపించి మోసం చేస్తుంది, గుండె ఆపరేషన్ అయినవాళ్లలో కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) బాగానే పిండుతున్నా తక్కువే చూపిస్తుంది.

ఎఫ్‌ఏసీ (ఫ్రాక్షనల్ ఏరియా చేంజ్)లో గుండె నాలుగు గదులూ కనిపించే వ్యూలో కుడి జఠరిక నిండినప్పటి వైశాల్యం, పిండినప్పటి వైశాల్యం గీసి, ఎంత శాతం తగ్గిందో చూస్తాం. 35 శాతం లోపు ఉంటే తక్కువ. గోడ లోపలికి కదలడం కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి నా నమ్మకం దీని మీదే ఎక్కువ. అయితే లోపలి కండర పోగుల మధ్య అంచు పట్టుకోవడం కష్టం, ఉబ్బిన జఠరిక ఒక్కోసారి ఫ్రేములోనే పట్టదు, ఇద్దరు గీస్తే రెండు అంకెలు వస్తాయి.

పేషెంట్‌ని బరంపురమో విశాఖో పంపేటప్పుడు రిపోర్టులో రెండూ రాయండి, బొమ్మ ఎలా ఉందో కూడా.