టెఫ్లాన్ కాక్ ఉన్న 50 మి.లీ. ఎ-క్లాస్ బ్యూరెట్: ఎవరు కొనాలి, ఏం చూసి కొనాలి

ల్యాబ్‌కి కొత్త బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి చుక్కచుక్కగా వదిలే గీతల గాజు గొట్టం) కొంటుంటే గాజు కాక్‌ది (కాక్ అంటే కింద తిప్పే కుళాయి) వద్దు, టెఫ్లాన్ కాక్‌దే తీసుకోండి. సోడియం హైడ్రాక్సైడ్ పోసి కడగకుండా వదిలేస్తే గాజు కాక్ అంటుకుపోతుంది, బలవంతంగా తిప్పితే విరుగుతుంది. దానికి రాసే గ్రీజు కిందికి జారి మొనలో అడ్డం పడుతుంది, గోడకు అంటితే ద్రావణం బొట్లుబొట్లుగా నిలిచిపోతుంది. టెఫ్లాన్‌కు గ్రీజు అక్కర్లేదు, రాయనూ కూడదు. ఈ ఒక్క సుఖం కోసమే కాస్త ఎక్కువ ధర పెట్టొచ్చు.

ఎ-క్లాస్ సంగతి వేరు. కొలత ఎంత కచ్చితమో చెప్పే గ్రేడు అది, బి-క్లాస్ దాని కింది మెట్టు. రెండు క్లాసుల్లోనూ గీతలు 0.1 మి.లీ.వే. 50 మి.లీ. బ్యూరెట్‌లో ఎ-క్లాస్‌కు అనుమతించే తేడా ±0.05 మి.లీ., బి-క్లాస్‌కు ±0.1. బ్యూరెట్ మొన నుంచి రాలే ఒక చుక్క సుమారు 0.05 మి.లీ. ఉంటుంది. అంటే మీరు అదనంగా డబ్బు పెడుతున్నది ఒక్క చుక్క కోసం. ఆ చుక్కను కాపాడుకోలేని చోట బి-క్లాస్ చాలు. ఇంటర్, డిగ్రీ ప్రాక్టికల్స్‌కు నిస్సంకోచంగా అదే కొనండి.

ఆ చుక్కను మింగేసేది మన ఎండ. గాజు మీద 20 (కొన్నిటి మీద 27) డిగ్రీలు అని రాసి ఉంటుంది, గీతలు సరిపోయేది ఆ ఉష్ణోగ్రత దగ్గర. గాజు వ్యాకోచం లెక్కలోకి రానంత తక్కువ, కానీ లోపలి ద్రావణం అలా కాదు. ఉదయం 25 డిగ్రీల దగ్గర గాఢత కట్టిన (కచ్చితమైన గాఢత తేల్చిన) ద్రావణాన్ని మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో వాడితే 25 మి.లీ. రీడింగ్‌లో దాదాపు 0.1 మి.లీ. తేడా వస్తుంది. ఎ-క్లాస్ హామీకి ఇది రెట్టింపు. గాఢత కట్టడం, నమూనా టైట్రేట్ చేయడం (బ్యూరెట్ ద్రావణం ఎంత పట్టిందో చూసి నమూనాను కొలవడం) ఒకే పూట, ఒకే గదిలో జరిగితే ఈ తేడా చాలావరకు తనంతట తానే పోతుంది. ఏసీ లేని ల్యాబ్‌లో ఖరీదైన గాజు కన్నా ఈ అలవాటే ఎక్కువ పనిచేస్తుంది.

సరుకు రాగానే రెండు పరీక్షలు చేయండి. నీళ్లు సున్నా దాకా పోసి, నిలువుగా బిగించి, మొన తుడిచి 20 నిమిషాలు వదిలేయండి. సగం గీత దిగినా వెనక్కి పంపండి. తర్వాత తూకం. 30 డిగ్రీల డిస్టిల్డ్ వాటర్‌ను సున్నా నుంచి 25 మి.లీ. దాకా, తూచి పెట్టుకున్న మూత కుప్పెలోకి వదలండి. 30 సెకన్లు ఆగి, గోడ మీది పొర దిగాక రీడింగ్ తీయండి. గాలిలో తూకం 24.87 గ్రాముల దగ్గర రావాలి, 24.82 కన్నా తగ్గినా, 24.92 దాటినా అది ఎ-క్లాస్ కాదు. యాభై మిల్లీగ్రాముల తేడా పట్టుకోవాలి కాబట్టి కనీసం మిల్లీగ్రాము చూపే త్రాసు మీదే ఈ పని చేయండి.

ఈ రకం బ్యూరెట్‌లో తరచూ వచ్చే ఫిర్యాదు కారడం. చాలాసార్లు తప్పు కాక్‌ను బిగించే నట్టుది. ఉష్ణోగ్రత మారితే టెఫ్లాన్ గాజు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వ్యాకోచిస్తుంది, సంకోచిస్తుంది. వేడి గదిలో బిగించింది ఏసీ గదికి వచ్చేసరికి వదులవుతుంది. అలాగని బలంగా బిగించి నెలల తరబడి ఉంచితే మెత్తని టెఫ్లాన్ నొక్కుకుపోయి ఆకారం చెడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా కారుతూనే ఉంటుంది. కాక్ వేళ్లతో నునుపుగా తిరిగేంత వరకే బిగించాలి, పని అయ్యాక నట్టు కొద్దిగా వదులు చేసి పెట్టాలి. వాషర్, ఓ-రింగ్ (కారకుండా ఆపే రబ్బరు వలయం) వరుస తారుమారు కాకూడదు. పాత గాజు కాక్ బ్యూరెట్‌లో టెఫ్లాన్ కాక్ దూర్చే ప్రయత్నం మాత్రం చేయకండి: గాజు కాక్ సన్నబడే వాలు 1:10, టెఫ్లాన్‌ది 1:5.

వెనక తెల్ల పట్టీ, దాని మీద నీలి గీత ఉన్న షెల్‌బాక్ రకం కళ్లకు హాయి. ద్రావణం అంచు దగ్గర ఆ గీత రెండు బాణం మొనల్లా కలుస్తుంది, అక్కడే రీడింగ్. కానీ ముదురు ఊదారంగు పర్మాంగనేట్ పోస్తే ఆ గీతే కనబడదు. ద్రావణం పై అంచు చదవాల్సిందే. ఆ పనికే కొంటుంటే పట్టీకి డబ్బు దండగ. పర్మాంగనేట్ వదిలే గోధుమరంగు మరకకు ఆక్సాలిక్ ఆమ్లం, విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి కాసేపు నింపి ఉంచితే చాలు.

ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు కోసం వెళ్లే ల్యాబ్‌లు బ్యాచ్ సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవద్దు. గాజు మీద సీరియల్ నంబరు, అదే నంబరుతో విడి కాలిబ్రేషన్ సర్టిఫికెట్ అడగండి. ఆర్డరులోనే విడి కాక్, ఓ-రింగ్ ఉన్నాయో లేదో కనుక్కోండి. అవి దొరకని కంపెనీ బ్యూరెట్ ఎంత చవకైనా నేను సిఫారసు చేయను.