ఆత్మన్యూనతకు థెరపీ: పొగడ్తలతో సరిపెట్టని ఒక సేవపై సమీక్ష

నన్ను నేను తక్కువ చేసుకునే స్వభావం ఏళ్ల తరబడి వేధిస్తుండటంతో ఒక కౌన్సెలింగ్ కేంద్రంలో క్లినికల్ సైకాలజిస్టు దగ్గర వారానికొక సెషన్ చొప్పున థెరపీ తీసుకున్నాను. ఇలాంటి సాయం కోసం చూస్తున్నవారికి పనికొస్తుందని ఆ సేవలోని మంచిచెడ్డలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు ఆవిడ నా చేత రోజెన్‌బర్గ్ ప్రశ్నావళి పూర్తి చేయించారు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో వెలువరించిన, ఆత్మగౌరవాన్ని అంచనా వేసే ఈ కొలమానంలో 10 వాక్యాలే ఉంటాయి. వచ్చిన స్కోరు వ్యాధి నిర్ధారణ కాదని, మార్పును గమనించుకోవడానికి ఒక గుర్తు మాత్రమేనని ముందే చెప్పారు. ఆత్మన్యూనత చాలామందిలో డిప్రెషన్‌తో కలిసి ఉంటుంది కనుక నిద్ర, ఆకలి, బతకాలనిపించని ఆలోచనల గురించి కూడా అడిగి తెలుసుకున్నారు. ఈ ఒక్క జాగ్రత్తతోనే నాకు ఆవిడ మీద నమ్మకం కలిగింది.

అద్దం ముందు నిలబడి మంచి మాటలు వల్లించమంటారేమో అనుకున్నాను, కానీ అలాంటిదేమీ చెప్పలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త జోవాన్ వుడ్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవారు తమను తాము మెచ్చుకునే వాక్యాన్ని పదేపదే అనుకున్నప్పుడు వారి మనసు తేలికపడకపోగా ఇంకాస్త కుంగిందని తేలింది. నమ్మకం కుదరని మాటను మనసు వెంటనే ఖండిస్తుందన్న విషయం నా అనుభవానికీ సరిపోయింది.

ఆవిడ అనుసరించింది మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో మొదలుపెట్టిన కాగ్నిటివ్ థెరపీని (బాధపెట్టే ఆలోచనలను పరీక్షించి సరిదిద్దుకునే పద్ధతి), దాని ఆధారంగా మనస్తత్వ శాస్త్రవేత్త మెలనీ ఫెన్నెల్ 1997లో ఆత్మన్యూనత కోసం ప్రతిపాదించిన నమూనాను. ఈ నమూనా ప్రకారం చిన్నప్పటి అనుభవాల నుంచి మనిషి తన గురించి ఒక తీర్పు ఇచ్చుకుంటాడు, ఆ తీర్పు బయటపడకుండా కొన్ని కఠినమైన నియమాలు పెట్టుకుంటాడు, ఆ నియమాల చాటున తీర్పు ఎన్నడూ పరీక్షకు నిలవకుండా అలాగే ఉండిపోతుంది. "ఎవరూ వేలెత్తి చూపకుండా పనిచేస్తేనే నాకు విలువ" అన్నది నా నియమమని తెలుసుకోవడానికే చాలా సెషన్లు పట్టాయి, అయినా ఆ సమయం వృథా అని నేను అనుకోను.

అన్నిటికన్నా బాగా పనిచేసింది చిన్న చిన్న ప్రయోగాల పద్ధతి. మీటింగ్‌లో మాట్లాడే ముందు "తప్పుంటే క్షమించండి" అనడం నాకు అలవాటు. ఒకసారి ఆ మాట అనకుండా నేరుగా విషయంలోకి వెళ్లమన్నారు. ఏం జరుగుతుందని భయపడుతున్నానో, దాన్ని ఎంత శాతం నమ్ముతున్నానో ముందుగానే కాగితం మీద రాయించారు. అందరూ చిన్నచూపు చూస్తారని, 90 శాతం నమ్మకమని రాశాను. జరిగింది మాత్రం ఒకరు సందేహం అడగడం, నేను జవాబు చెప్పడం, చర్చ ముందుకు సాగడం. అది కూడా రాసుకుని, తర్వాతి సెషన్‌లో నా భయాన్నీ జరిగినదాన్నీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, ఎవరి ఓదార్పూ అవసరం లేకుండానే నా అంచనా ఎంత అతిశయమో నా చేతిరాతలోనే కనిపించింది.

మరో విషయంలో ఆవిడ చాలా పట్టుదలగా ఉన్నారు. నేను "పనికిమాలినవాణ్ణి" అన్న ప్రతిసారీ ఆపి, ఏ పని సరిగా జరగలేదో మాత్రమే చెప్పమనేవారు. పనిని బేరీజు వేయవచ్చు గానీ మొత్తం మనిషికి మార్కులు వేయకూడదన్న మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ వాదన దీని వెనుక ఉంది. గెలుపు మీద ఆధారపడిన ఆత్మగౌరవం ఓటమితోనే కూలుతుంది కాబట్టి, ఈ పట్టుదల లేకపోతే మిగతా సాధనంతా పైపూతగానే మిగిలేదని నా గట్టి అభిప్రాయం.

లోటుపాట్లూ ఉన్నాయి. ఇంటి దగ్గర పూరించమని ఇచ్చిన పత్రాల భాష మరీ గ్రాంథికంగా ఉండి, బాధలో ఉన్నవారికి భారమనిపిస్తుంది. మనతో మనం మాట్లాడుకునే గొంతులోని కాఠిన్యాన్ని తగ్గించే సాధనకు, అంటే మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ గిల్బర్ట్ రూపొందించిన కరుణ ప్రధానమైన పద్ధతికి, చాలా తక్కువ సమయం కేటాయించారు. ఆలోచనలను తర్కంతో సరిదిద్దుకున్నా తనమీద తనకు దయ కలగనివారికి అదే ఎక్కువ అవసరం. ముగింపు కూడా హడావుడిగా జరిగింది. చివరి సెషన్లను కొంత ఎడంగా పెట్టి, కొన్ని నెలల తర్వాత ఒకసారి పిలిచి చూసే ఏర్పాటు ఉండవలసింది, పాత నియమాలు కొత్త ఉద్యోగంలోనో కొత్త బంధంలోనో మళ్లీ తలెత్తే అవకాశం ఉంది కనుక. చేరేవారు ఈ విషయాన్ని మొదటి సెషన్‌లోనే అడిగి తేల్చుకోవడం మంచిది.